సిమెంటు వరల అచ్చు: లోపలి డ్రమ్ము ఊడి రావడం లేదు, వరకి బీట పడుతోంది

గోదారి_గట్టు (తణుకు పక్క పల్లె)
అందరికీ నమస్కారం. రోడ్డు పక్కన మాకు కాస్త స్థలం ఉంటే సిమెంటు వరలు, అంటే గుండ్రటి రింగులు, పోసి అమ్మే పని మొదలుపెట్టాం. మరుగుదొడ్డి గుంటలకి, చేలో నూతులకి ఇక్కడ అడిగేవాళ్ళు బాగానే ఉన్నారు. అచ్చు కొత్తది కాదు, ఈ పని మానేసిన ఒక పెద్దాయన దగ్గర కొన్నాం. లోపలి వ్యాసం 3 అడుగులు, ఎత్తు అడుగు, గోడ మందం 2 అంగుళాలు. బయటి రేకు రెండు ముక్కలు, బోల్టులు విప్పితే హాయిగా విడిపోతుంది. తంటా అంతా లోపలి డ్రమ్ముతోనే. అది ఒకటే గుండ్రటి రేకు, పైన రెండు హ్యాండిళ్ళు. సాయంత్రం పోసి తెల్లారి తీద్దామంటే కదలదు. సుత్తితో చుట్టూ తట్టి ఇద్దరం కలిసి లాగితే వస్తోంది గానీ, వర లోపలి వైపు నిలువునా సన్నటి బీట కనిపిస్తోంది. ఆయిలు బాగానే పూస్తున్నాం. కొత్త అచ్చు చేయించాలా, దీన్నే బాగు చేయించుకోవచ్చా? పనిలో ఉన్నవాళ్ళు చెప్పండి.

తాపీ_తాత (అమలాపురం)
బాబూ, పొద్దున్న దాకా ఎందుకు ఉంచుతున్నావు? వరలు ఎప్పుడూ పొడి మాలుతో, అంటే నీళ్ళు తక్కువగా కలిపిన కాంక్రీటుతో, పోసి అప్పటికప్పుడే అచ్చు లేపేస్తారు. మాలు గుప్పిట్లో పట్టి నొక్కితే ముద్ద నిలవాలి, అరచెయ్యి మాత్రం తడవకూడదు. అలా కలిపి, మూడు నాలుగు పొరలుగా వేసి, ప్రతి పొరా కడ్డీతో గట్టిగా కూరాలి. పై అంచు తాపీతో సాపు చేసి ముందు లోపలి డ్రమ్ము, తరవాత బయటి రేకు. నీ మాలులో నీళ్ళు ఎక్కువయ్యి ఉంటాయి. అందుకే తీస్తే జారిపోతుందని భయపడి రాత్రంతా ఉంచుతున్నావు.

గోదారి_గట్టు
నిజమే తాతగారూ, మాలు కాస్త జారుగానే కలుపుతున్నాం. పొడిగా కలిపితే గోడ నిండా తేనెపట్టు చిల్లులు వస్తున్నాయి, కొనేవాళ్ళు వాటిని చూసి వెనక్కి పోతున్నారు.

లేత్_పని (విజయవాడ ఆటోనగర్)
మాలు సంగతి తరవాత. ముందు టేపు తీసుకుని డ్రమ్ము పై వ్యాసం ఎంతో, కింది వ్యాసం ఎంతో కొలిచి ఇక్కడ రాయండి. రెండు చోట్లా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలవండి. హ్యాండిళ్ళు ఉన్న వైపు ఏదో కూడా చెప్పండి.

గోదారి_గట్టు
కొలిచాను సార్. హ్యాండిళ్ళ వైపు, అంటే పై వైపు 910 మి.మీ. కింది వైపు 914. అడ్డం, నిలువు కొలతల్లో పెద్ద తేడా లేదు.

లేత్_పని
దొరికింది. మీ డ్రమ్ము తలకిందులుగా కూర్చుంటోంది.

లోపలి డ్రమ్మును పైకి లాగి తీస్తాం కాబట్టి దాని అడుగు సన్నగా, పై భాగం వెడల్పుగా ఉండాలి. అలా ఉంటే ఒక అర అంగుళం కదిలిన క్షణమే చుట్టూ కాంక్రీటును వదిలేస్తుంది, ఆ తరవాత చేతికి బరువు తప్ప పట్టు తెలియదు. మీది అడుగు వెడల్పుగా ఉంది. పైకి లాగిన కొద్దీ వెడల్పాటి అడుగు సన్నటి రంధ్రంలోంచి దూరాలి. దూరదు. వర గోడను తోసుకుంటూ వస్తుంది, బీట పడేది అక్కడే. రేకు రోలింగు చేసినవాళ్ళు వాలు సరిగ్గానే పెట్టారు, వెల్డింగు చేసినవాళ్ళు హ్యాండిళ్ళు సన్నటి వైపు అతికించేశారు. హ్యాండిల్ ఉన్న వైపే పైన పెట్టాలని ఎవరైనా అనుకుంటారు కదా, ఇన్నాళ్ళూ అలాగే నడిచింది.

ఆ హ్యాండిళ్ళు కోయించి రెండో వైపు వెల్డు చేయించండి. పై వైపున రేకు మీద ఎర్ర పెయింటుతో బాణం గుర్తు వేయండి. కూలివాళ్ళు మారినా గుర్తు ఉంటుంది. కొత్త అచ్చు చేయించే పనే లేదు, గ్రైండరుతో గంట పని.

గోదారి_గట్టు
సార్, మీకు దండం. ఇది మాకు తట్టనే లేదు.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్ (రాజమహేంద్రవరం)
గ్రామీణ నీటి సరఫరాలో పని చేసి రిటైరయ్యాను. లేత్ పని గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు సరి. దానికి ఇంకో ముక్క కలుపుతాను, ఎందుకంటే హ్యాండిళ్ళు మార్చినా రాత్రంతా ఉంచితే కొంత బాధ మిగులుతుంది.

కాంక్రీటు గట్టిపడుతూ కొద్దిగా కుంచించుకుపోతుంది. వర కుంచించుకుంటే దాని వ్యాసం తగ్గుతుంది. అంటే బయటి రేకును అదే వదిలేస్తుంది, లోపలి డ్రమ్మును మాత్రం బిగించి పట్టుకుంటుంది. ఎర్రగా కాల్చి తొడిగిన బండి చక్రం కమ్మి చల్లారాక చెక్కను ఎలా పట్టేస్తుందో అలాగే. ఉక్కు డ్రమ్ము లొంగదు, కాబట్టి లేత కాంక్రీటే చిట్లుతుంది. ఏ మాలుకి బీటలు ఎంత తొందరగా పడతాయో తెలుసుకోవడానికి ప్రయోగశాలల్లో ఉక్కు రింగు చుట్టూ కాంక్రీటు పోసి, ఎప్పుడు చిట్లుతుందో చూస్తారు. మీ యార్డులో రోజూ సాయంత్రం జరుగుతున్నది సరిగ్గా ఆ పరీక్షే.

కాబట్టి రెండు దారులు. పొడి మాలు అయితే వెంటనే లేపేయండి. జారు మాలుతో నున్నటి వర కావాలంటే డ్రమ్ము లోపలికి ముడుచుకునేలా ఉండాలి. గట్టిపడిన రెండు మూడు గంటలకే కాస్త ముడిచి వదిలేయండి, పూర్తిగా తీసేది తెల్లారాక.

షార్జా_జగిత్యాల
అన్నా, నేను జగిత్యాల పక్క పల్లె, ఇప్పుడు షార్జాల ప్రీకాస్టు (ముందే అచ్చులల్ల పోసి అమ్మే) యార్డుల చేస్తున్న. మా దగ్గర మ్యాన్‌హోలు రింగులు, బాక్సు కల్వర్టులు పోస్తం. లోపలి అచ్చు ఒక్కటి గూడ నిండు డ్రమ్ము ఉండది. నిలువుగ ఒక చోట కోసి, నడుమ నాలుగు ఇంచుల పట్టీ పెడ్తరు. పట్టీ తీస్తే చాలు, రెండు అంచులు దగ్గరికొస్తయి, డ్రమ్ము మొత్తం లోపలికి ముడుస్తది. అంచులను దగ్గరికి గుంజనీకి నడుమ ఒక టర్న్ బకిలు, అంటే తిప్పితే బిగుసుకునే మర కడ్డీ, ఉంటది. సుత్తి దెబ్బ పడితే మా ఫోర్‌మన్ ఊకోడు, అచ్చు సొట్ట పడితే తరవాత వచ్చే ప్రతి రింగుకు అదే సొట్ట దిగుతది అని.

ఇంకోటి, ఇక్కడ చలికాలం రాత్రిపూట తొందరగ గట్టిపడాలని టార్పాలిన్ కప్పి ఆవిరి పెడ్తరు. ఆవిరి 60 డిగ్రీల చుట్టు పక్కలనే ఉంచుతరు, 70 దాటనియ్యరు. మన దిక్కు ఎండలకు ఆవిరి అక్కర లేదు, తడి బట్ట ఉంటె సాలు.

లేత్_పని
పట్టీ గురించి తమ్ముడు బాగా చెప్పాడు. చేయించుకునేవాళ్ళు ఒక్క విషయం చూసుకోవాలి. పట్టీకి రెండు పక్కలా వచ్చే యాంగిల్ (ఎల్ ఆకారపు ఇనుము) అంచులను వృత్తం కేంద్రం వైపు చూసేలా పెడితే పట్టీ కాంక్రీటు వైపు వెడల్పుగా, నడిమి వైపు సన్నగా అవుతుంది. అప్పుడు లోపలికి లాగితే ఇరుక్కుంటుంది. రెండు అంచులూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, వీలైతే నడిమి వైపే పిసరంత వెడల్పు ఉండాలి. మా దగ్గరికి బాగుచేతకి వచ్చే అచ్చుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే.

రేకు 3 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీలు) చాలు. పైనా కిందా 25×25×3 యాంగిలు వంచి చుట్టూ వేయాలి. వెల్డింగు ఒకే వరస లాగేస్తే వేడికి రేకు మెలి తిరిగి గుండ్రం పోతుంది. రెండు అంగుళాలు ఇటు, రెండు అంగుళాలు ఎదురు వైపు, చల్లారనిచ్చి మళ్ళీ. పని అయ్యాక నాలుగు చోట్ల వ్యాసం కొలిచి తీసుకోండి. కొలవకుండా డబ్బులు ఇవ్వొద్దు.

తాపీ_తాత
ఇవన్నీ బాగున్నాయి గానీ మేము ఒంటి డ్రమ్ముతోనే బతుకంతా వరలు పోశాం. బస్తాకి 5 వరలు దించేవాళ్ళం. ఊళ్ళో ఇప్పటికీ ఆ నూతులు ఉన్నాయి.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్
తాతగారూ, మీ పనితనం మీద నాకు గౌరవం ఉంది. బస్తాకి 5 అన్న మాట మాత్రం కుర్రవాళ్ళు అలాగే పట్టుకోకూడదని లెక్క రాస్తున్నాను.

3 అడుగుల వ్యాసం, అడుగు ఎత్తు, 2 అంగుళాల మందం వర అంటే సుమారు 0.047 ఘనపు మీటర్ల కాంక్రీటు, బరువు 110 కిలోల పైమాట. 1:2:4 పాళ్ళలో (వరసగా సిమెంటు, ఇసుక, కంకర) ఘనపు మీటరుకి దాదాపు 320 కిలోల సిమెంటు పడుతుంది. ఆ లెక్కన వరకి 15 కిలోలు. 50 కిలోల బస్తాకి మూడు వరలు వచ్చి కాస్త మిగులుతుంది. 5 వరలు దించారంటే వరకి 10 కిలోలే పడింది, అది 1:3:6 పాళ్ళు. పునాది కింద బెడ్డుగా పరిచే కాంక్రీటు అది. లారీలో ఎక్కించి దించే వరకి పనికిరాదు.

తాపీ_తాత
మా వర 2 అంగుళాలు కాదు నాయనా, అంగుళంన్నర.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్
అదీ సంగతి. అంగుళంన్నర అయితే ఒక్కో వర 83 కిలోలకి దిగుతుంది. 1:2:4 తోనే బస్తాకి నాలుగున్నర వస్తాయి, మీ మాటకి దగ్గరే. నూతిలో చుట్టూ మట్టి సమంగా నొక్కుతుంది కాబట్టి పలచటి వర కూడా నిలుస్తుంది, అందుకే మీ నూతులు ఉన్నాయి. కానీ అంగుళంన్నర గోడలో 6 మి.మీ. చువ్వ పెడితే దానికి ఇరువైపులా మిగిలే కాంక్రీటు 16 మి.మీ. మాత్రమే. డెల్టాలో ఉప్పు నీళ్ళు తగిలే చోట చువ్వ తుప్పు పట్టి గోడను పగలగొట్టేస్తుంది. చువ్వ లేకుండా పోస్తే రవాణాలో పగులుతుంది. నా సలహా 2 అంగుళాలు, నడిమధ్యన 6 మి.మీ. చుట్లు రెండు.

గోదారి గట్టు గారి తేనెపట్టు చిల్లుల గురించి ఒక ప్రశ్న. కంకర ఏ సైజు వాడుతున్నారు?

గోదారి_గట్టు
20 ఎం.ఎం. సార్. స్లాబు పనుల్లో మిగిలింది చౌకగా వస్తోంది.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్
చిల్లులకి కారణం అదే. కాంక్రీటు పనులకి మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కంకర సైజు గోడ మందంలో నాలుగో వంతు దాటకూడదు. 50 మి.మీ. గోడకి 12 మి.మీ. హద్దు. మీరు 20 వేస్తే రెండు రాళ్ళు పక్కపక్కన పడి, నడుమ చువ్వ అడ్డొచ్చి, కిందకి మాలు దిగదు. 10, 12 మి.మీ. చిప్స్ (సన్న కంకర) తెప్పించండి, కొంచెం ఇసుక పెంచండి. నీళ్ళు పెంచకుండానే గోడ నిండుతుంది.

షార్జా_జగిత్యాల
పొడి మాలుకు కడ్డీతోని కూరుడు కన్న వైబ్రేషన్ మంచిదన్నా. బయటి రేకుకు క్లాంపు పెట్టి చిన్న షట్టర్ వైబ్రేటర్ బిగించున్రి. రెండు పోల్స్ మోటారు నిమిషానికి 2,850 దాక తిరుగుతది, పొడి మాలును గూడ నీళ్ళ లెక్క కూసోబెడ్తది. కని ఒక జాగ్రత్త. బోల్టు వదులుంటె ఆ కంపనకు సిమెంటు పాలు సందుల నుంచి కారిపోతయి, అక్కడ ఇసుక చార మిగుల్తది. అతుకుల దగ్గర పలచటి రబ్బరు పట్టీ పెట్టాలె.

అనంత_రైతు (కళ్యాణదుర్గం)
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోవద్దప్పా. మాకు గొడ్లు నీళ్ళు తాగే తొట్లు కావాల. ఇదే అచ్చు అడుగున సిమెంటు పలక పోసి తొట్టి చేసుకోవచ్చునా?

తాపీ_తాత
చేసుకోవచ్చు, అందరూ అలాగే చేస్తారు. పలకా వరా విడివిడిగా పోసి అతికిస్తే అతుకు దగ్గర నీళ్ళు ఊరతాయి. పలక పోసి, అది పచ్చిగా ఉండగానే అంచులోంచి చువ్వ ముక్కలు పైకి నిలబెట్టి, దాని మీదే అచ్చు కూర్చోబెట్టి వర పోసెయ్యి. లోపల మూల దగ్గర మాలుతో వాలుగా తిప్పు. మూల నిలువుగా వదిలేస్తే పాచి పట్టి కడగడానికి రాదు.

తులసికోట_అక్క (కడప దారి)
తొట్ల మాట వచ్చింది కాబట్టి నేనూ చెబుతాను. మాది తులసి కోటలు, పూల కుండీలు, మేడ రెయిలింగు బొమ్మ స్తంభాలు పోసే పని. ఇనుము వేసిన కాంక్రీటుకి పేటెంటు తీసుకున్న తొలివాళ్ళలో ఒకాయన ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటపని చేసే ఆయన, 1867లో. అది మేడలకీ వంతెనలకీ కాదు, మొక్కల తొట్లకే. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి మా పని మీద నాకు ఇష్టం ఇంకా పెరిగింది.

తులసి కోటకి ఇనుప అచ్చు కుదరదు. నాలుగు పక్కలా గూడు, దీపం పెట్టే చోటు, కింద పద్మం రేకులు. పద్మం రేకు కింది అంచు లోపలికి వంగి ఉంటుంది, అచ్చు నేరుగా లాగితే రేకు తెగిపోతుంది. అందుకని ఫైబర్ అచ్చు వాడతాం, అదీ పక్కకి నాలుగు ముక్కలుగా. ముక్కల అతుకు ఎప్పుడూ మూల అంచు మీదే పడేలా చూసుకోవాలి. అతుకు దగ్గర సన్నటి గీతలా మాలు బయటికి వస్తుంది. అది మూల మీద ఉంటే ఆకురాయితో రుద్దితే పోతుంది. పద్మం మధ్యలో పడితే ఎంత రుద్దినా మచ్చ కనిపిస్తుంది. మరీ లోతు చెక్కడం ఉంటే అక్కడి వరకు రబ్బరు ముక్క పెట్టి, కాంక్రీటు ఆరాక ఒలిచేస్తాం.

ఇక ఆయిలు. గోదారి తమ్ముడు ఏ ఆయిలు పూస్తున్నాడో చెప్పలేదు.

గోదారి_గట్టు
మెకానిక్ షెడ్డులో పారేసే పాత ఇంజను ఆయిలు అక్కా. ఇక్కడ అందరూ అదే.

తులసికోట_అక్క
అది మానెయ్యి తమ్ముడూ. వరంతా నల్ల మరకలు. పైగా తాగే నీళ్ళ నూతిలో దించే వరకి బండి ఇంజనులో మరిగిన నూనె ఎలా పూస్తాం? నీళ్ళు తోడి ఇంటికి తీసుకుపోయేది ఆడవాళ్ళే, ఆ వాసన ముందు తెలిసేది వాళ్ళకే. సబ్బు నీళ్ళు చిక్కగా కాచి పూయి, లేదంటే చౌక వంట నూనె గుడ్డతో అద్ది తుడువు. రేకు మీద తడి తళుకు కనిపించాలి, చుక్క కారకూడదు. నూనె మడుగు కట్టిన చోట కాంక్రీటు మీద గుంటలు పడతాయి. రబ్బరు అచ్చులకైతే డీజిలూ ఇంజను ఆయిలూ అసలే తగలనివ్వకూడదు, ఉబ్బి కొలత పోతుంది.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్
అక్కగారి మాట అక్షరాలా పాటించండి.

లోపలి డ్రమ్ము గురించే ఇంత చర్చ జరిగింది కాబట్టి, అసలు లోపలి డ్రమ్మే లేకుండా పోసే పద్ధతి గురించి చెప్పాలనిపిస్తోంది. ఆస్ట్రేలియాలో వాల్టర్ హ్యూమ్ 1910లో కనిపెట్టాడు. బయటి అచ్చు ఒక్కటే ఉంటుంది, దాన్ని పడుకోబెట్టి వేగంగా తిప్పుతారు. లోపల పోసిన కాంక్రీటు తిరిగే ఊపుకి చుట్టూ గోడకి అతుక్కుని బిగుస్తుంది. మిగులు నీళ్ళు లోపలి వైపుకి తేలిపోతాయి, వాటిని బయటికి పోనిస్తారు. నీళ్ళు పోవడం వల్ల గోడ చాలా గట్టిగా వస్తుంది. మనం రోడ్ల కింద తూములకి వేసే హ్యూం పైపులు అవే. మన దేశంలో ఇండియన్ హ్యూం పైపు కంపెనీని వాల్‌చంద్ హీరాచంద్ 1926లో పెట్టారు. పల్లె యార్డుకి ఆ యంత్రం అందదు. కానీ అందులోని కీలకం అందుతుంది. నీళ్ళు తగ్గిన కొద్దీ, మాలు బిగిసిన కొద్దీ వర గట్టిది.

గోదారి_గట్టు
చాలా విషయాలు తెలిశాయి. మరుగుదొడ్డి గుంటల వరలకి చిల్లులు అడుగుతున్నారు. ఇప్పుడు పోశాక పచ్చి గోడలో కడ్డీతో పొడుస్తున్నాం, చుట్టూ పెచ్చులు లేస్తున్నాయి.

లేత్_పని
పొడవొద్దు. బయటి రేకులోనూ డ్రమ్ములోనూ ఎదురెదురుగా రంధ్రాలు కోయించి, వాలు ఉన్న పిన్నులు గుచ్చి పోయండి. పిన్ను బయటి వైపు లావు, లోపలి కొస సన్నం. పోసేటప్పుడు మధ్యమధ్యలో ఒక్కో పిన్నును కొంచెం తిప్పుతూ ఉండాలి. అచ్చు లేపే ముందు పిన్నులన్నీ బయటికి లాగేయాలి, ఒక్కటి మరిచినా వర చీలిపోతుంది. అందుకని పిన్నులన్నీ ఒకే గొలుసుకి కట్టించండి. చిల్లుల్లేని వరకి అదే అచ్చు వాడుకోవాలంటే రంధ్రాలకి రబ్బరు బిరడాలు సరిపోతాయి.

ఆర్‌డబ్ల్యూఎస్_రిటైర్డ్
చిల్లుల వరలు, చిల్లుల్లేని వరలు యార్డులో వేరు వేరు వరసల్లో పెట్టండి. కొనేవాడు నూతికో గుంటకో అడిగి మరీ ఇవ్వండి. మరుగుదొడ్డి గుంట చిల్లుల్లోంచే నీరు మట్టిలోకి ఇంకాలి. మంచినీటి నూతికి పై వరలు మాత్రం చిల్లు లేకుండా, అతుకులు మాలుతో మూసి ఉండాలి, లేకపోతే వానకి పై మురుగు అందులోకే దిగుతుంది. వర పైనా కిందా ఒకదానిలో ఒకటి కూర్చునే మెట్టు ఉంటే అతుకు నిలుస్తుంది. దానికి అచ్చు అడుగున ఒక మెట్టు రింగు, పైన నొక్కడానికి మరో రింగు చేయించుకోవాలి, ఖర్చు ఎక్కువేమీ కాదు.

క్యూరింగు, అంటే పోసిన వరను తడిగా ఉంచే సంగతి, ఎవరూ ఎత్తలేదు. అచ్చు ఎంత బాగున్నా, పోసిన వరను ఎండలో వదిలేస్తే అంతా వృథా. పొడి మాలులో నీళ్ళే తక్కువ, అవీ ఆరిపోతే సిమెంటు సగంలో ఆగిపోతుంది. పోసిన సాయంత్రమే తడి గోనె కప్పండి. ఓపీసీ (మామూలు పోర్ట్‌ల్యాండ్) సిమెంటు అయితే కనీసం 7 రోజులు, పీపీసీ (పోజోలానా కలిపిన సిమెంటు) అయితే 10 రోజులు తడి ఆరకూడదు. మీ దగ్గర దొరికేది ఎక్కువగా పీపీసీయే, బస్తా మీద చూసుకోండి. మే నెలలో మధ్యాహ్నం పోయొద్దు.

తాపీ_తాత
ఇంకో మాట. వరను నిలబెట్టి దొర్లించేటప్పుడు కింద ఇసుకో పాత టైరో వేసుకోండి. నూతిలోకి దించేటప్పుడు మూడు కాళ్ళ గడ, చైను బ్లాకు తప్పనిసరి. వర వేలాడుతుండగా లోపల మనిషి ఉండకూడదు. తాళ్ళతో దించిన రోజుల్లో ఏం జరిగిందో మాకు తెలుసు. ఈ ఒక్క దగ్గర మా పాత పద్ధతి వద్దు.

గోదారి_గట్టు
తాతగారూ, చైను బ్లాకు అద్దెకి తెస్తాం, మాట ఇస్తున్నాను.

లేత్ పని గారూ, హ్యాండిళ్ళు రెండో వైపుకి మార్పించాం. పొడి మాలు, 12 చిప్స్, సబ్బు నీళ్ళు. డ్రమ్ము ఇద్దరం చెరో చేయి వేసి తిప్పుతూ ఎత్తితే వచ్చేసింది, సుత్తి ముట్టుకోలేదు. గోడ లోపలి వైపు తడి మెరుపుతో సాపుగా ఉంది, బీట లేదు. పై అంచు మాత్రం ఒక చోట కొద్దిగా జారింది.

రెండో అచ్చు పట్టీ రకం చేయిద్దామనుకుంటున్నాం. వెల్డరుకి ఇవ్వాల్సిన కొలతలు ఇవి, చూసి చెప్పండి. లోపలి వ్యాసం పైన 914, కింద 910. రేకు 3 మి.మీ. పట్టీ 4 అంగుళాలు, అంచులు సమాంతరం. టర్న్ బకిలు ఒకటి, ఎత్తు మధ్యలో. మెట్టు రింగులు రెండు.

లేత్_పని
టర్న్ బకిళ్ళు రెండు పెట్టించండి, పై అంచుకి మూడు అంగుళాల కింద ఒకటి, అడుగుకి మూడు అంగుళాల పైన ఒకటి. మధ్యలో ఒక్కటే ఉంటే నడుము ముడుచుకుని పైనా కిందా పట్టే ఉంటుంది. మిగతా అంతా సరిగ్గా ఉంది. పై అంచు జారడానికి కారణం డ్రమ్మును పక్కకి వంచి ఎత్తడం. ఇద్దరూ ఒకే ఎత్తు మనుషులు పట్టుకోండి, లేదా మూడో హ్యాండిల్ వేయించండి.